కాలు తీశాక జీవితం: మానని పుండ్ల రోగులకు ఏం మిగులుతోంది, ఏం మిగలాలి

నెలల తరబడి మానని పుండుతో మంచాన పడ్డ మనిషికి “కాలు తీసేయాలి” అని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదీ అడిగేది “ఇంకే దారీ లేదా?” అని. లేదని తేలాక అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: తీశాక బతుకు ఎలా ఉంటుంది? మన ఆస్పత్రుల్లో ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ, కూర్చోబెట్టి జవాబు చెప్పేవారు ఇంకా తక్కువ. ఆపరేషన్ అయింది, గాయం మానింది, కుట్లు విప్పారు, ఇంటికి పంపారు. అక్కడితో కథ ముగిసినట్టే లెక్క.

వైద్య పరిశోధనలో మాత్రం ఈ ప్రశ్న మీద కొన్ని దశాబ్దాలుగా పని జరుగుతోంది. ఆ పనినంతా ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. తర్వాతి జీవితం బాగుండటం, బాగుండకపోవడం కాలు తీయడం ఒక్కదానితోనే తేలిపోదు. ఎప్పుడు తీశారు, ఎక్కడిదాకా తీశారు, ఆ తర్వాత ఏడాది పాటు ఏం చేశారు అన్నవి దాన్ని నిర్ణయిస్తాయి. ఈ మూడింటిలో మనం దారుణంగా వెనకబడింది మూడోదానిలో.

ఎవరి కాళ్లు పోతున్నాయి

భారత వైద్య పరిశోధన మండలి జరిపిన ఇండియాబ్ సర్వే 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో షుగరు జబ్బు ఉన్నవారు దాదాపు 10 కోట్ల 10 లక్షల మంది. షుగరు ఉన్నవారిలో 19 నుంచి 34 శాతం మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పాదానికి పుండు పడుతుందని అంతర్జాతీయ అంచనా. షుగరు వల్ల కాలో వేలో పోగొట్టుకున్నవారిలో నూటికి 85 మందికి ముందుగా వచ్చింది ఒక చిన్న పుండే. నరాలు దెబ్బతిని అరికాలికి స్పర్శ పోతుంది. చెప్పు కరిచినా, ముల్లు దిగినా తెలియదు. ఆనె కింద చర్మం లోలోపలే పగులుతుంది. చీము పడుతుంది. కాలికి రక్తం సరిగా అందకపోతే ఆ పుండు మానదు, నల్లబడుతుంది.

షుగరు ఒక్కటే కారణం కాదు. బీడీలు, సిగరెట్లు తాగే యువకుల్లో కాలి రక్తనాళాలు మూసుకుపోయే బర్జర్ జబ్బు ఉంది. కుష్ఠు నయమయ్యాక కూడా స్పర్శ లేని పాదాల్లో మళ్లీ మళ్లీ పడే పుండ్లున్నాయి. ప్రమాదంలో విరిగి, ఎముకలో చీము నిలిచిపోయి, ఏళ్లకేళ్లు కారే గాయాలున్నాయి.

కాలు పోయినవారు అనగానే తెలుగువారి మనసులో మెదిలే బొమ్మ “మయూరి”. 1981లో బస్సు ప్రమాదానికి గురై, గాయం కుళ్లి, కాలు పోగొట్టుకున్న నర్తకి సుధా చంద్రన్ జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ వేదికెక్కారు. సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాలో తన కథను తానే నటించారు. లక్షలమందికి ధైర్యమిచ్చిన కథ అది. కానీ అప్పుడామె టీనేజీలో ఉన్న అమ్మాయి. గుండె గట్టిది, రెండో కాలు బలమైనది. మానని పుండుతో కాలు పోయే సగటు రోగి అరవైకి అటూ ఇటూ ఉన్న మనిషి. చూపు మందగించి ఉంటుంది, మూత్రపిండాలు అలసి ఉంటాయి, రెండో పాదంలోనూ తిమ్మిర్లు మొదలై ఉంటాయి. ఆయన్ను మయూరితో పోల్చి “మనసుంటే మార్గముంటుంది” అనడం ఓదార్పు కాదు, భారం.

పుండుతో గడిచే రోజులు

తర్వాతి జీవితాన్ని దేనితో పోల్చాలి? రెండు కాళ్లూ బాగున్న పాత రోజులతో పోలిస్తే ఎవరికైనా నష్టమే కనిపిస్తుంది. కానీ ఆపరేషన్ బల్ల ఎక్కే నాటికి ఆ పాత రోజులు ఎప్పుడో పోయాయి. న్యాయమైన పోలిక పుండుతో గడిచిన ఆ ముందటి నెలలతోనే.

ఆ నెలలు ఎలా ఉంటాయో ఇంట్లోవాళ్లకు తెలుసు. రోజూ లేదా రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. గదిలో వాసన. ఆ వాసన వల్లే మనిషి పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేస్తాడు, మనవల్ని దగ్గరికి రానివ్వడు. రక్తం అందని కాలైతే రాత్రిపూట మంచం మీదినుంచి కాలు కిందికి వేలాడేసుకుని కూర్చుంటే తప్ప నొప్పి తగ్గదు. “కాలు కింద పెట్టొద్దు” అన్న సలహా కూలిపనికో దుకాణానికో పోయేవాడికి ఆదాయం ఆగిపోవడమే. పుండు మానినా నిశ్చింత లేదు. మానినవారిలో సుమారు 40 శాతం మందికి ఏడాదిలోపే మళ్లీ పుండు పడుతుంది, మూడేళ్లలో 60 శాతానికి చేరుతుంది.

మనసు సంగతి ఇంకా గట్టిగా చెప్పుకోవాలి. లండన్‌లో ఖలీదా ఇస్మాయిల్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో మొదటిసారి పాదం పుండు వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ ఉంది. డిప్రెషన్ లేనివారితో పోలిస్తే వారిలో ఏడాదిన్నర లోపు మరణాలు సుమారు మూడు రెట్లు ఎక్కువ. ఇదంతా కాలు తీయకముందే.

సర్వేలు ఏం చెబుతున్నాయి

1996లో మాంచెస్టర్‌లో కారింగ్టన్, బౌల్టన్ తదితరులు ఒక చిన్న అధ్యయనం చేశారు. షుగరు వల్ల ఒక కాలు పోయినా తిరగగలుగుతున్నవారినీ, మానని పుండుతో ఉన్నవారినీ, పాదాలకు ఏ సమస్యా లేనివారినీ పోల్చి చూశారు. కాలు పోయి నడుస్తున్నవారి మానసిక స్థితి పుండుతో ఉన్నవారికంటే తీసికట్టుగా లేదు, కొన్ని విషయాల్లో మెరుగ్గానే ఉంది. అమెరికాలో డేన్ వుకిచ్ బృందం 2017లో వెలువరించిన అధ్యయనంలో షుగరు పాదంతో బాధపడి మోకాలి కింద కాలు తీయించుకున్నవారు ఆపరేషన్‌కు ముందుకంటే తర్వాతే తమ జీవితం మెరుగైందని చెప్పారు. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. పాదం జబ్బు ఉన్నవారు చావుకంటే కాలు పోవడానికే ఎక్కువ భయపడుతున్నారు. ఇంత భయపడిన ఆపరేషన్ తర్వాత కొందరికి ఊరట దొరుకుతోందన్నది ఆలోచించాల్సిన విషయం.

అయితే ఈ సర్వేలను తొందరపడి నమ్మకూడదు. ప్రశ్నపత్రం నింపగలిగేవారు బతికినవారు, ఆస్పత్రికి తిరిగి రాగలిగినవారు. చనిపోయినవారి, మంచానికే పరిమితమైనవారి మాట అందులో ఉండదు. పైగా మనిషి దేనికైనా అలవాటు పడతాడు, కోరికల కొలతలే మార్చుకుంటాడు. తీవ్రమైన వైకల్యం ఉన్నవారిలో చాలామంది తమ జీవితం బాగుందని చెప్పడం చూసి ఆల్‌బ్రెక్ట్, డెవ్లీగర్ 1999లో దీన్ని లోతుగా చర్చించారు. ఆ మాటలను అబద్ధమని కొట్టిపారేయకూడదు, అలాగని వాటిని సాకుగా చూపి సాయం ఎగ్గొట్టనూకూడదు.

ఇంకో చిక్కు కొలబద్దలది. ప్రపంచమంతా వాడే ఎస్‌ఎఫ్-36 ప్రశ్నావళి శారీరక శక్తిని అంచనా వేయడానికి బల్ల జరపగలరా, వాక్యూమ్ క్లీనర్ తోయగలరా, గోల్ఫ్ ఆడగలరా అని అడుగుతుంది. బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చోగలరా, గొంతుక్కూర్చోగలరా, పొలం గట్టు మీద నడవగలరా, చెప్పులు విడిచి గుడిలోకి వెళ్లగలరా అని అడగదు. మన ఊళ్లలో రోజు గడవడానికి కావలసినవి ఇవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జీవన నాణ్యతా ప్రశ్నావళిని తయారుచేసేటప్పుడు ఢిల్లీ, మద్రాసు కేంద్రాలను కూడా కలుపుకుంది. మనకు పనికొచ్చే కొలతలు ఆ తీరులోనే పుట్టాలి.

వీటన్నిటి మధ్యా పదేపదే ఒకేలా తేలే ఫలితం ఒకటుంది. రక్తనాళాల జబ్బుతో కాలు పోయినవారి మీద వచ్చిన అధ్యయనాలను గ్లాస్గోకు చెందిన డేవీ-స్మిత్ బృందం 2017లో సమీక్షించింది. జీవన నాణ్యతను అన్నిటికంటే బలంగా నిర్ణయించేది కృత్రిమ కాలితో నడవగలగడమేనని తేల్చింది. అమెరికాలో సకోవ్ బృందం 2015లో ఇలాంటి రోగులనే కూర్చోబెట్టి అడిగితే నాలుగు బాధలు ముందుకొచ్చాయి: తిరగలేకపోవడం, నొప్పి, మిగిలిన కాలు కూడా పోతుందేమోనన్న దిగులు, కుంగుబాటు.

మోకాలు విలువ

కాలు ఎక్కడ కోస్తారన్నది తర్వాతి జీవితాన్ని సగం రాసేస్తుంది. పునరావాస వైద్య గ్రంథాల్లో కనిపించే అంచనాల ప్రకారం, రక్తనాళాల జబ్బుతో మోకాలి కింద కాలు పోయిన మనిషి కృత్రిమ కాలితో నడవడానికి మామూలు కంటే సుమారు 40 శాతం ఎక్కువ శక్తి ఖర్చుపెట్టాలి. మోకాలి పైన పోతే అది దాదాపు రెట్టింపు. గుండె బలహీనంగా ఉన్న అరవై ఏళ్ల మనిషికి ఈ తేడా వీధి చివరి దాకా నడవడానికీ వాకిట్లోనే ఆగిపోవడానికీ మధ్య ఉన్న తేడా. అందుకే అనుభవమున్న సర్జన్లు మోకాలిని కాపాడటానికి చివరిదాకా ప్రయత్నిస్తారు. పిక్క కండను వెనకనుంచి ముందుకు మడిచి మొండికి మెత్తలా అమర్చే పద్ధతిని 1960ల్లో సియాటిల్‌లో ఎర్నెస్ట్ బర్జెస్ ప్రాచుర్యంలోకి తెచ్చారు. ఇప్పటికీ అదే దారి.

ఇక్కడే కష్టమైన నిర్ణయం ఎదురవుతుంది. మొదట వేలు, తర్వాత మరో రెండు వేళ్లు, ఆ తర్వాత సగం పాదం, చివరికి మోకాలి కింద. ఇలా ముక్కలుముక్కలుగా రెండేళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరిగిన కుటుంబాలు ఎన్నో. పాదాన్ని కాపాడగలిగిన చోట ఆ ప్రయత్నం విలువైనదే. రక్తనాళం తెరిస్తే పుండు మానే అవకాశముంటే ముందు ఆ పనే చేయాలి. గాయం లోతు, రక్తప్రసరణ, ఇన్ఫెక్షన్ మూడింటినీ కలిపి కాలు పోయే ముప్పును అంచనా వేసే విఫై వర్గీకరణ 2014 నుంచి అందుబాటులో ఉంది. ఆశ లేదని ఆ లెక్క చెప్పినప్పుడు, మనిషి ఒంట్లో ఓపిక ఇంకా ఉండగానే ఒక మంచి మోకాలి కింది ఆపరేషన్ చేయించుకోవడం ఓటమి కాదు. ఆలస్యంలో పోయేది కండబలం, డబ్బు, కొన్నిసార్లు మోకాలు.

లేని కాలి నొప్పి

పోయిన పాదం దురద పెడుతుంది, వేళ్లు మెలిపెట్టినట్టు నొప్పి పుడుతుంది. ఈ బాధను పదహారో శతాబ్దంలోనే ఫ్రెంచి సైనిక వైద్యుడు ఆంబ్రోయిస్ పారే రాసిపెట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడినవారిని చూసిన వియర్ మిచెల్ దానికి పేరు పెట్టాడు. కాలు పోయినవారిలో సగానికి పైగా మందికి ఏదో ఒక స్థాయిలో ఇది ఉంటుంది. మద్రాసులో వైద్యం చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో చూపిన అద్దం చికిత్సలో ఉన్న కాలి ప్రతిబింబాన్ని పోయిన కాలి స్థానంలో చూపి మెదడును సమాధానపరుస్తారు. కొందరికి బాగా పనిచేస్తుంది, అందరికీ కాదు. నరాల నొప్పికి వాడే మందులూ ఉన్నాయి.

మన ఇళ్లలో జరిగే అన్యాయం వేరు. “లేని కాలు నొప్పేమిటి? మతి పోయిందా?” అంటారేమోనని రోగి నోరు విప్పడు. ఈ నొప్పి వస్తుందని, ఇది పిచ్చి కాదని, దీనికి వైద్యం ఉందని ఆపరేషన్‌కు ముందే చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలకు ఖర్చేమీ లేదు.

కృత్రిమ కాలు: అందడం వేరు, అమరడం వేరు

1968లో జైపూర్ సవాయి మాన్‌సింగ్ ఆస్పత్రిలో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రూపొందించిన జైపూర్ పాదం మన జీవన విధానాన్ని అర్థం చేసుకున్న మొదటి కృత్రిమ పాదం. బూటు అక్కర్లేదు, బురదలో దిగవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. సేథీకి 1981లో మెగసెసే పురస్కారం వచ్చింది. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయత సమితి ఈ కాళ్లను ఉచితంగా దేశమంతటా అందిస్తోంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్కో కూడా కృత్రిమ అవయవాలు తయారు చేస్తోంది.

అయినా ఎన్నో ఇళ్లలో ఆ కాలు అటక మీద ఉంటుంది. మొండి మొదటి ఏడాదంతా కృశిస్తూ ఉంటుంది. ఆపరేషనైన మూడు నెలలకు కొలత తీసి చేసిన సాకెట్, అంటే మొండి తొడుక్కునే గిన్నెలాంటి భాగం, ఆరు నెలలకు వదులవుతుంది. వదులైన సాకెట్ రాపిడికి పుండు పడుతుంది. షుగరు ఉన్నవారికి ఆ రాపిడి తెలియనే తెలియదు. సాకెట్ మార్పించుకోవాలంటే మళ్లీ పట్నం వెళ్లాలి, శిబిరం ఎప్పుడో తెలియదు. కాలు ఇచ్చిన రోజు ఫొటోలుంటాయి, ఏడాది తర్వాత దాన్ని తొడుక్కుంటున్నారా అని చూసే వ్యవస్థ మాత్రం లేదు.

కాలు రాకముందే జరిగే చిన్న పొరపాట్లు ఇంకా ఎక్కువ నష్టం చేస్తాయి. నొప్పి తగ్గుతుందని మోకాలి కింద దిండు పెట్టి పడుకోబెడతారు. వారాల్లో మోకాలు ముడుచుకుపోయి బిగుసుకుంటుంది. ముడుచుకున్న మోకాలికి ఎంత ఖరీదైన కాలైనా అమరదు. మోకాలు చాచి ఉంచడం, రోజూ కాసేపు బోర్లా పడుకోవడం, మొండికి సాగే పట్టీ పద్ధతిగా చుట్టడం, ఉన్న కాలికీ చేతులకూ వ్యాయామం. ఇవన్నీ వార్డులోనే నేర్పాల్సినవి.

అందరూ నడవలేరన్న నిజాన్నీ ఒప్పుకోవాలి. మోకాలి పైన కాలు పోయిన డెబ్బై ఏళ్ల మనిషికి వీల్‌ఛైరే గౌరవమైన మార్గం కావచ్చు. అప్పుడు గడప తీసేయాలి, మరుగుదొడ్డి వాకిలి వెడల్పు చేయాలి, కమోడ్, పట్టుకోవడానికి గోడకు కడ్డీ పెట్టాలి. ఒకరి సాయం లేకుండా స్నానానికి వెళ్లి రాగలగడం ఏ ప్రశ్నావళిలో ఎంత స్కోరు తెస్తుందోగానీ, ఆత్మగౌరవానికి మాత్రం అదే పునాది.

మిగిలిన కాలు, మిగిలిన ఆయుష్షు

ఆర్మ్‌స్ట్రాంగ్ తదితరులు 2020లో క్రోడీకరించిన లెక్కల ప్రకారం, షుగరు వల్ల పెద్ద ఆపరేషన్‌లో కాలు పోయినవారిలో సగం కంటే ఎక్కువమంది, సుమారు 57 శాతం, అయిదేళ్లలోపే చనిపోతున్నారు. చాలా క్యాన్సర్లలో కంటే ఇది ఎక్కువ. చంపుతున్నది కాలు తీయడం కాదు. కాలిని ముంచిన రక్తనాళాల జబ్బే గుండెనూ మూత్రపిండాలనూ ముంచుతోంది. కాబట్టి కాలు పోయిన మనిషికి గుండె పరీక్ష, కొలెస్టరాల్ మందు, పొగాకు మాన్పించడం కృత్రిమ కాలంత అవసరం. బర్జర్ జబ్బులోనైతే పొగాకు పూర్తిగా మానడమే అసలు వైద్యం.

బరువంతా ఇప్పుడు రెండో కాలి మీదే. దానికీ స్పర్శ తక్కువే, రక్తం తక్కువే. చంకకర్రల మీద గెంతుతూ నడిస్తే ఆ అరికాలి మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒక కాలితో ఎలాగోలా నిలదొక్కుకున్న జీవితం రెండోది పోగానే కుప్పకూలుతుంది. కాబట్టి ఆపరేషనైన తర్వాత రోజూ రాత్రి ఆ మిగిలిన పాదాన్ని దీపం వెలుగులో చూసుకోవడం, తగిన చెప్పులు వేసుకోవడం మందు వేసుకోవడమంత ముఖ్యం.

ఇల్లు, పని, సర్కారు

ఆపరేషన్ ఉచితంగా జరిగినా దాని తర్వాతి ఖర్చు ఇంటి మీదే పడుతుంది. సేవ చేసేది ఎక్కువగా భార్య, కోడలు, కూతురు. వారి కూలి పోతుంది, నడుము పోతుంది, అడిగేవారుండరు. రోగి ఆడమనిషైతే పరిస్థితి తరచూ ఇంకా కఠినం. జీవితమంతా సేవ చేసిన మనిషి సేవ చేయించుకోవడానికి సిగ్గుపడుతుంది, చేసేవారూ కరువవుతారు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం కనీసం 40 శాతం వైకల్యం ఉంటే ప్రత్యేక ప్రయోజనాలకు అర్హత వస్తుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ దానికి తలుపు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో 2023లో దాన్ని 4,016కు పెంచారు. ఈ డబ్బు చిన్నది కాదు, ఇంట్లో మనిషి మాటకు విలువ నిలబెడుతుంది. కానీ కాలు లేని మనిషి స్లాట్ కోసం, శిబిరం కోసం తిరగాల్సి రావడం న్యాయం కాదు. కాలు తీసిన ప్రభుత్వాస్పత్రి నుంచే ఆ సర్టిఫికెట్ పని మొదలు కావాలి.

పోకుండా ఆపగలిగిన కాళ్లు

1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేరిన పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల వేళ్లు జబ్బు తినేయడం వల్ల కాదు, నొప్పి తెలియక తగిలే దెబ్బల వల్ల పోతున్నాయని నిరూపించాడు. 1966లో అమెరికాలోని కార్విల్‌కు వెళ్లాక అదే సూత్రాన్ని షుగరు పాదానికి వర్తింపజేశాడు. కుష్ఠు విభాగాల్లో ఇచ్చే మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు (ఎం.సి.ఆర్.) చెప్పులు ఆ ఆలోచన సంతానమే. చెన్నైలో విజయ్ విశ్వనాథన్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో పాద సంరక్షణ సలహాలు పాటించినవారిలో పుండ్లు ఎక్కువగా మానాయి, కొత్త సమస్యలు తక్కువగా వచ్చాయి. స్పర్శ ఉందో లేదో తేల్చడానికి ఒక నైలాన్ పోగు చాలు. షుగరు పరీక్షకు వచ్చిన ప్రతి మనిషితో ఏడాదికొకసారి చెప్పులు విప్పించి పాదాలు చూడటం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయగలిగిన పని.

కాలు తీశాక కూడా మంచి జీవితం సాధ్యమేనన్న మాట, ఆపగలిగిన ఆపరేషన్లను చేసేయడానికి సమర్థన కాకూడదు. అలాగే కాపాడలేని కాలిని పట్టుకుని మనిషిని ఏళ్ల తరబడి పుండుకు అప్పగించడానికి భయం కారణం కాకూడదు. ఈ రెండు తప్పులకూ మందు ఒకటే: నిర్ణయానికి ముందే పూర్తి ప్రణాళిక. రక్తనాళం తెరవగలమా? మోకాలు దక్కుతుందా? నొప్పికి ఏం ఇస్తారు? కాలు ఎప్పుడు, ఎక్కడ అమరుస్తారు, సాకెట్ వదులైతే ఎవరు చూస్తారు? రెండో పాదాన్ని, గుండెను ఎవరు కనిపెట్టి ఉంటారు? సర్టిఫికెట్ ఎవరు రాస్తారు? ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబు లేకుండా, అత్యవసర పరిస్థితిలో తప్ప, కాలు తీసే ఆపరేషన్‌కు సంతకం అడగకూడదు. ఆపరేషన్ విజయాన్ని కుట్లు మానడంతో కాక, ఏడాది తర్వాత ఆ మనిషి ఇంట్లో, వీధిలో, పనిలో ఎంత తిరుగుతున్నాడన్న దానితో కొలవాలి. ఆ లెక్క రాయడం ప్రతి జిల్లా ఆస్పత్రికీ విధి కావాలి. అది రాసిన రోజు నుంచే మన వైద్యం ఈ రోగుల పట్ల బాధ్యత వహించడం మొదలుపెట్టినట్టు.